దురాగ్రహం

"సంతకం ఒక్కటే కదే. చేతులేమైనా అరిగిపోతాయా?"

పొద్దుటి నుంచి అక్క అడుగుతూనే ఉంది. చెల్లెలు గోడవైపు చూస్తూ కూర్చుంది.

కిడ్నీ మార్పిడి విభాగం ముందున్న వరండా అది. అక్క మోచేతి మడతలో ఇంకా దూది అతుక్కునే ఉంది. ఇన్ని పరీక్షలకి రక్తం తీశాక మనిషి పీలగా అయిపోయింది. కుట్టు మిషను ముట్టుకోక చాలా రోజులైంది.

"అన్నీ కలిశాయన్నారు. నీ బుద్ధి ఒక్కటే కలవలేదు."

"నీకు ఇద్దరు పిల్లలున్నారు. ముందు వాళ్ళ సంగతి చూసుకో."

"రేపు వాళ్ళు పిన్ని గురించి అడిగితే ఏం చెప్పమంటావు?"

"ఏదో ఒకటి చెప్పు."

పక్క కుర్చీలో కూర్చున్న ఒక పెద్దాయన ఉండబట్టలేకపోయాడు. "తోడబుట్టినదానివి, నీకే జాలి లేకపోతే ఎలాగమ్మా?" అన్నాడు.

ఇంతలో కౌన్సెలర్ అక్కని లోపలికి పిలిచింది. ఇచ్చేవాళ్ళతో, పుచ్చుకునేవాళ్ళతో విడివిడిగా మాట్లాడటం అక్కడి పద్ధతి. ఎవరి మీదా బలవంతం ఉండకూడదు.

"మీ చెల్లెలికి ఇష్టం లేదమ్మా. ఇంకా ఒత్తిడి చేస్తే అది దురాగ్రహం అవుతుంది."

"నాకు ఆగ్రహమేం లేదు మేడమ్. దానిమీద కోపం తెచ్చుకుని ఎక్కడికి పోతాను?"

"కోపం కాదు. అవతలివాళ్ళు వద్దంటున్నా మన మాటే నెగ్గాలని పట్టుబట్టడం. మంకుపట్టు అంటామే, అది."

అక్క ఒక క్షణం ఆలోచించింది.

"ఎదురుగా ప్రాణం పోతుంటే కూడా కుదరదని కూర్చోవడాన్ని ఏమంటారు మీ భాషలో? ఆ మాటేదో దానికి చెప్పండి."

కౌన్సెలర్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "కుదరదనే హక్కు ఎవరికైనా ఉంటుందమ్మా. మేమేం చెయ్యలేం."

అక్క బయటికొచ్చింది. అంతమంది చూస్తుండగా నేలమీద చతికిలబడి చెల్లెలి రెండు కాళ్ళూ పట్టేసుకుంది.

"మొండిదానా, నీకు దండం పెడతాను. ఇంకో కిడ్నీ దొరికేదాకా ప్రాణం ఆగుతుందంటే నేను నోరెత్తను. ఆగదే. డాక్టరు చెప్పడం నువ్వూ విన్నావుగా."

"లే అక్కా. పెద్దదానివి నా కాళ్ళు పట్టుకుంటే నా ఆయుష్షు తగ్గుతుందంటారు." చెల్లెలు నవ్వింది.

ఆ నవ్వు చూసి పెద్దాయన మొహం తిప్పుకున్నాడు.

"నవ్వుతావేమే? నీ గుండె రాయా?"

"ఏమో. నావల్ల మాత్రం కాదు. ఎన్నిసార్లడిగినా ఇదే మాట."

అక్క ఆ మోకాళ్ళ మీద తల ఆనించి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

నర్సు ఎదురుగా ఉన్న డయాలసిస్ గది తలుపు తీసి, "మంచం ఖాళీ అయింది, రండి" అంది.

చెల్లెలు మెల్లగా కాళ్ళు విడిపించుకుని, అక్కని లేపి కుర్చీలో కూర్చోబెట్టి, లోపలికి వెళ్ళి ఆ మంచం మీద పడుకుంది.