శుక్రవారం ఫొటో

"చేతులోసారి చూపించు," అన్నాడు రోవన్, వేడి పాస్టీ అందుకుంటూ.

బేకరీ షెరిడన్ నవ్వి పదివేళ్ళూ పరిచింది. గోళ్ళకి పిండి తప్ప ఏ రంగూ లేదు. "నువ్వూ మొదలెట్టావా? పొద్దున్నించీ ఊరంతా నా చేతులే చూస్తోంది."

చూడదూ మరి! ఊరి లైబ్రరీ ప్రతి శుక్రవారం ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక ఫొటో పెడుతుంది. అట్ట మీద మొహం బొమ్మ ఉన్న పుస్తకాన్ని ఎవరో ఒకరు తమ మొహానికి అడ్డం పెట్టుకుంటారు. వాళ్ళెవరో లైబ్రరీకి వచ్చి చెప్పినవాళ్ళకి ఒక ట్రే లామింగ్టన్ కేకులు. ఈసారి అట్ట మీద పడుచుపిల్ల. వెనకున్నదెవరో ఎవరికీ అంతుబట్టడం లేదు. కనిపిస్తున్నవల్లా నారింజ రంగు వేసుకున్న గోళ్ళు.

సోమవారం కౌన్సిల్ మీటింగులో ఆ లైబ్రరీ మూసెయ్యాలని తీర్మానం పెట్టబోతున్నది రోవనే. ఎవరూ రాని చోటికి కరెంటు దండగని అతని వాదన. అయినా ఆ గోళ్ళు అతని బుర్ర తొలిచేస్తున్నాయి.

తల్లి ఎల్వా పెరట్లో మట్టి గ్లౌజులతో గులాబీలు కత్తిరిస్తోంది. కొడుకు ఫోన్‌లో ఫొటోకేసి తొంగిచూసి, "మందుల షాపులో కొత్తగా చేరిన పిల్లలా లేదూ? వెళ్ళి చెప్పరా," అంది.

"నేనా? లైబ్రరీకా? ఏ మొహం పెట్టుకుని వెళ్ళమంటావ్?"

"నాకు లామింగ్టన్లు తినాలనుంది. ఆ మాత్రం చెయ్యవూ?"

వెళ్ళాడు. లోపల కుర్చీ ఖాళీ లేదు. పీతలు పట్టేవాళ్ళు, చంటిపిల్లల తల్లులు, అందరూ ఆ ఫొటో గురించే కొట్టుకుంటున్నారు.

"తప్పు, కౌన్సిలర్ గారూ," అంది లైబ్రేరియన్ జినెట్. "మళ్ళీ చెప్పాలంటే లైబ్రరీ కార్డు ఉండాలి మరి."

రోవన్ సణుక్కుంటూనే కార్డు తీసుకున్నాడు.

శనివారం ఎల్వా రబ్బరు గ్లౌజులతో గిన్నెలు తోముతూ, "అయితే పోస్టాఫీసు మార్నీయే," అని తేల్చేసింది. అదీ తప్పే. కానీ రోవన్ పీతలవాళ్ళతో వాదనలో పడి మధ్యాహ్నమంతా అక్కడే ఉండిపోయాడు. చంకలో రెండు పుస్తకాలతో బయటపడ్డాడు.

ఆదివారం అతను వచ్చేసరికి ఎల్వా ఓవెన్ గ్లౌజులు తొడుక్కుని స్కోన్ల ట్రే బయటికి తీస్తోంది.

"తీర్మానం పెట్టడం లేదమ్మా," అన్నాడు. "నిజం చెప్పాలంటే సిగ్గేసింది. గుమ్మమైనా తొక్కకుండా ఎవరూ రారని ఊరంతా చెప్పుకొచ్చాను."

"మాట మార్చవు కదా?"

"మార్చను. జినెట్‌కి కూడా చెప్పేశాను. ఆ గోళ్ళెవరివో తెలియలేదు, అదొక్కటే బాధ."

"పోనీలే, కూర్చో. టీ పోస్తాను," అంటూ ఎల్వా నింపాదిగా గ్లౌజులు తీసింది.

పది గోళ్ళూ నారింజ రంగే.