జపాను పేజీలో ఎడమ దిక్కు

నా మనుమరాలు శిరీష చర్లలో మా ఇంట్లో కూర్చొనే ఉద్యోగం చేస్తుంది. ఏం ఉద్యోగమంటే, కంప్యూటర్లో జపాను మాటలకు అర్థాలు చెప్పే పేజీని చూడముచ్చటగా సర్దడమట. ఇదీ ఒక పనేనా? అదీ సరిగ్గా సర్దలేదని తీసేస్తారేమోనని నాకు నిద్ర పట్టదు.

ఇవాళ మధ్యాహ్నం నన్ను తన కుడి పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఆ అక్షరాలు రానోళ్ళ చూపు ముందు ఎక్కడ పడ్తదో నాకు తెల్వాలె. చెప్పు నాయనమ్మా, ఏం కనబడ్డది?"

"కుడి దిక్కు ఎర్ర డబ్బా. ఎడమ దిక్కంతా ఉత్తదే. గిదేం సర్దుడే? సంతల ఉల్లిగడ్డలు పరిచేటోడు నయం."

అక్షరాలు పెద్దవి చేసి ఎడమకు జరిపానంది. చూశాను. మళ్ళీ ఉత్తదే.

"మన దర్వాజ పెట్టిన వడ్రంగి, నువ్వూ ఒక్కటే. వాని పనితనానికి, లోపలికి పోయినప్పుడల్లా నా ఎడమ భుజం కొట్టుకుంటది!"

శిరీష నవ్వలేదు. లేచి వచ్చి, అరచేత్తో నా కుడి కన్ను మూసింది.

"ఇప్పుడు చూడు."

"కిటికీ ఎందుకు మూసినవే? అంతా చీకటాయె."

"కిటికీ తెరిచే ఉన్నది, నాయనమ్మా."