మారెమ్మ పలక

బొమ్మసంద్ర అవతల ఉన్న ఆ లేఅవుట్లోకి బస్సు రాదు.

మెయిన్‌రోడ్డు దగ్గరే తిరుక్కుని వెళ్ళిపోతుంది. అక్కణ్ణించి రెండు కిలోమీటర్ల నడక. డబ్బు కట్టి జిమ్ములో నడిచేవాళ్ళు కూడా ఈ నడకని మాత్రం తిడతారు.

లేఅవుట్ వాట్సాప్ గ్రూపులో నూటనలభై మంది. కాత్యాయని "బస్సు కావాలి" అని పెడితే నూటపన్నెండు బొటనవేళ్ళు వచ్చాయి. మనిషి ఒక్కరూ రాలేదు.

"ఇది తేలే పని కాదు. జూన్ నుంచి హరిణిని హాస్టల్లో వేసేద్దాం," అన్నాడు భర్త గిరిధర్. "డైలీ డ్రాప్ చెయ్యడం నావల్ల కాదు."

పీయూసీ, అంటే ఇంటర్ చదివే పిల్ల. రాత్రి కరెంటు పోతే ఇప్పటికీ అమ్మ పక్కకొచ్చి పడుకుంటుంది. కాత్యాయనికి ఆ పూట అన్నం దిగలేదు.

మర్నాడు గేటు చప్పుడైంది.

ఆ గేటు మీద "కాత్యాయని, ఎం.ఏ." అని ఇత్తడి బోర్డు ఉంది. ఆ ఎం.ఏ. పదిహేనేళ్ళుగా గేటు దగ్గరే కాపలా కాస్తోంది.

వచ్చింది మారెమ్మ. వెనకవీధిలో కొత్తగా అద్దెకి దిగిన మనిషి. గార్మెంట్స్‌లో పని మానేసిందట.

"చదువుకున్నోళ్ళని చెప్పినారమ్మా. నాకు చదువు రాదు. బస్సు బోర్డు చదివేది నేర్పిస్తారా?"

కాత్యాయని కరిగిపోయింది. పలక కొంది. మారెమ్మ చేతిలో పలక పెట్టి, ఫోటో తీసి స్టేటస్ పెట్టింది. సేవ చేశాక నలుగురికీ తెలియకపోతే ఎలా?

రెండోరోజు మారెమ్మ జరీనాని వెంటబెట్టుకొచ్చింది.

"ఒక్కదాన్నే అంటే సిగ్గమ్మా."

తర్వాత మళ్ళీ సిగ్గుపడి అంజినమ్మని తెచ్చింది. అలా సిగ్గుపడుతూ సిగ్గుపడుతూ నెల తిరిగేసరికి వరండాలో ముప్ఫై మందిని చేర్చింది.

అందరికీ చదువు వస్తోంది. మారెమ్మ మాత్రం ఇంకా 'అ' దగ్గరే ఉంది.

"నీ బుర్ర ఎక్కడ పెట్టావు మారెమ్మా?"

"బస్సు మీద ఉండాదమ్మా. ఈ జరీనా తెల్లారి ఐదుకే నడస్తాది, అడగండి."

జరీనా చెప్పింది. అంజినమ్మ చెప్పింది. ఆ రోజు పాఠం అటకెక్కింది.

"ఒక అర్జీ రాస్తే ఎట్లుంటాది?" అంది మారెమ్మ. "నాకైతే రాసేది రాదు."

కాత్యాయని రాసింది. ముప్ఫై మంది కొత్త సంతకాలు పెట్టారు. మారెమ్మ వేలిముద్ర వేసింది.

డిపోలో ఆఫీసరు ముందుకి వెళ్ళగానే మారెమ్మ గోడకి అతుక్కుపోయింది.

"ఆఫీసులంటే నాకు నోరు లేయదమ్మా. మీరే చెప్పండి."

కాత్యాయని వచ్చీరాని కన్నడలో చెప్పింది. గొంతు వణికింది. ఆఫీసరు చూస్తామన్నాడు. మళ్ళీ వెళ్ళారు. మళ్ళీ చూస్తామన్నాడు.

నాలుగోసారి, "మీవాళ్ళందరికీ కార్లున్నాయి కదా మేడం?" అన్నాడు.

"కార్లున్నవాళ్ళు వాట్సాప్‌లో ఉన్నారు సార్. బస్సు కావాల్సినవాళ్ళు బయట నిలబడున్నారు. కిటికీలోంచి చూడండి."

ఆఫీసరు చూశాడు. వరండా పాఠం ముప్ఫై మందీ అక్కడే ఉన్నారు. ఈసారి వణుకు ఆయనకి మారింది.

మొన్న సోమవారం ఏడుంబావుకి బస్సు లేఅవుట్లోకి వచ్చింది. హరిణి కిటికీ పక్కన కూర్చుని చెయ్యూపింది. గిరిధర్ డ్రైవరుకి దండ వేసి, ఫోటోలో సరిగ్గా మధ్యలో నిలబడ్డాడు.

మారెమ్మ మాత్రం ఎక్కడా కనబడలేదు. ఆదివారమే గది ఖాళీ చేసి వెళ్ళిపోయిందట.

"పాపం, ఒక్క అక్షరం కూడా రాకుండానే పోయింది," అంది కాత్యాయని.

జరీనా పలక తెచ్చి చేతిలో పెట్టింది. "మీకు ఇమ్మనింది అక్కా."

పలక నిండా గుండ్రటి అక్షరాలు. ఎక్కడా కొట్టివేత లేదు.

"అమ్మా, నేను 'అ' నేర్చుకునిన ఇండ్లలో మీది తొమ్మిదోది. పదోది మీరు చూసుకోండి. అత్తిబెలె పక్క మూడు వీధులకి నీళ్ళు లేవు. ఆడ నళిని అని ఒకామె ఉండాది. బాగా చదువుకునింది, నోరు తెరవదు. పోయి, మీకు చదువు రాదని చెప్పండి."

కాత్యాయని అప్పుడే గేటు మీది ఇత్తడి బోర్డు ఊడదీసింది. మేకుల గుర్తులు కూడా పోయేలా రుద్దింది. కానీ ఎం.ఏ. ఫస్ట్ క్లాసు మొహాన్ని చదువు రాని మొహంగా మార్చడం ఎలాగో అద్దం ముందు మూడు రోజులుగా చూస్తున్నా కుదరడం లేదు, అత్తిబెలె బస్సేమో రేపు పొద్దున్నే. బాబ్బాబు, మీలో ఎవరికైనా తెలిస్తే కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి.