ముందు నడిచే పిల్ల

అదిగో, మళ్లీ విశాలే ముందు నడుస్తోంది.

నౌపడ ఉప్పుమళ్లలో ఎటు చూసినా ఒకేలాంటి గట్లు. సెల్‌ఫోన్లన్నీ ఈశ్వర్ సార్ సంచిలో ఉన్నాయి. జాగ్రఫీ చదివే డిగ్రీ పిల్లల్ని ఇద్దరిద్దరుగా జట్లు చేసి, తలా ఒక కాగితం మ్యాపు ఇచ్చి, రైల్వేస్టేషన్ చేరుకోమన్నారాయన. అందరిలో బాగా దారి పట్టిన ఒక్కరికే విశాఖలో సర్వే శిక్షణ.

ఆ ఒక్కరూ ఎవరో కాలేజీ అంతటికీ ముందే తెలుసు. రేఖకు అదే కడుపుమంట.

చీపురుపల్లి రైతుబిడ్డ రేఖ. మ్యాపు చేతికొస్తే అటు తిప్పి, ఇటు తిప్పి, ఎండ ఎటునుంచి పడుతోందో చూసి, నోట్లో ఏదో గొణుక్కుని గానీ అడుగు వెయ్యదు. వేశాక కూడా అనుమానమే. విజయనగరం సంగీతం మాస్టారి కూతురు విశాలి అలా కాదు. మ్యాపు మడిచి బ్యాగులో పడేస్తుంది. రేఖ వైపు ఓసారి ఓరగా చూస్తుంది. చిన్నగా నవ్వి, చకచకా నడిచిపోతుంది. ఎప్పుడూ సరిగ్గానే చేరుతుంది.

ఆ చూపంటేనే రేఖకు ఒళ్లు మండిపోతుంది. ‘ఇంకా తిప్పుతున్నావా?’ అని వెక్కిరించినట్టుంటుంది. పైగా ప్రతిసారీ, "నాకు రేఖే కావాలి సార్" అని పట్టుబట్టి మరీ జట్టు కడుతుంది. పక్కన ఓ మొద్దు ఉంటేనే కదా తన తెలివి మెరిసేది!

"నీకేటే, విశాలితో ఎల్తన్నావు. కళ్లు మూసుకుని సేరిపోతావు," అంది తోటి పిల్ల గౌరి, పొద్దున బయల్దేరేటప్పుడు. ఆ మాట ముల్లులా దిగి అక్కడే ఉంది.

గట్టు రెండుగా చీలిన చోట విశాలి ఆగి, చెప్పు సర్దుకుంటోంది. మ్యాపు ప్రకారం కుడికి వెళ్లాలి. ఈసారి రేఖకు అనుమానమే లేదు.

ఉన్నట్టుండి దుర్బుద్ధి పుట్టింది. ఒక్కసారి ఓడిపోతే దీని సొమ్మేం పోయింది?

కావాలనే ఎడమకు తిరిగింది.

విశాలి ఆపుతుందనుకుంది. పకపకా నవ్వుతుందనుకుంది. విశాలి ఓసారి ఓరగా చూసిందంతే. తనూ ఎడమకే తిరిగి, రేఖను దాటుకుని, ఎప్పట్లాగే ముందుకెళ్లిపోయింది.

గట్టు పోయి పోయి బురదలో కలిసింది. ఇద్దరూ మోకాళ్లదాకా దిగబడ్డారు. ఎలాగో బయటపడి, వచ్చిన దారినే తిరిగొచ్చి, స్టేషన్ చేరేసరికి అందరూ టీలు తాగి కూర్చున్నారు.

రేఖకు లోపల పండగ.

"నువ్వు దారి తప్పడమేటమ్మా, విశాలీ?" ఈశ్వర్ సార్ నమ్మలేకపోయారు. అంతలోనే సర్దుకున్నారు. "పోనీలే, ఎవరికైనా ఒక రోజు తప్పుతాది. శిక్షణకి నీ పేరే రాస్తన్నాను."

రేఖ మొహం నల్లబడిపోయింది. గెలిచినా దానికే, ఓడినా దానికే!

విశాలి తల దించుకుంది.

"రేఖ పేరు రాయండి సార్. ఇన్నాళ్లూ అది ఎటు తిరుగుతాదో చూసుకుని ముందు నడిచేదాన్ని గానీ, నాకు మ్యాపు చదవడమే రాదు."