పొట్టి రాగి

నిప్పు పెట్టడానికి గోపాలప్పకు చెయ్యి రాలేదు.

కిరసనాయిలు చల్లి అప్పటికే చాలాసేపయింది. చేను మధ్యన కుప్పగా రాగి కంకులు, వాటి మీద ఇల్లిల్లూ తిరిగి తెచ్చిన విత్తనాల మూటలు. పక్కన నిలబడ్డ మోహనప్రియ ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"నేను పెట్టేదా పెద్దనాయనా?"

"వద్దు పాపా. పెంచినోణ్ణి నేను. నేనే పెట్టాల."

ఆ రాగినీ, ఈ పిల్లనూ ఆయన ఒకే ఏడు చేతికి తీసుకున్నాడు. తమ్ముడూ మరదలూ బస్సు ప్రమాదంలో పోతే, పసిదాన్ని తెచ్చి భార్య చిక్కమ్మ ఒళ్లో పెట్టిన ఏడు అది. కోతల ముందు గాలివాన కొట్టి కడత్తూరు చుట్టూ రాగి చేలన్నీ చాపల్లా పరుచుకున్నాయి. గోపాలప్ప చేలో మాత్రం మోకాలెత్తు దంటు ఒకటి నిండు కంకితో నిటారుగా నిలబడి ఉంది. ఆ కంకిని విడిగా దాచాడు. విత్తి, ఏరి, మళ్లీ విత్తి చేనంత చేశాడు. అడిగినవాళ్లకల్లా పంచాడు. స్నేహితుడు అంజనప్ప అయితే తన చేనంతా అదే వేశాడు.

మోహనప్రియ చదువు ముగించి హోసూరు దగ్గర ఒక విత్తనాల కంపెనీలో చేరింది. ఒకసారి ఆ గింజలు కొన్ని తీసుకుపోయి పరీక్ష చేయించింది.

"మొక్క పొడుగు కావాలంటే దాని ఒంట్లో ఒక హార్మోను ఊరాల పెద్దనాయనా. దాన్ని తయారుచేయించే జీన్ నీ రాగిలో పనిచేయదు. అందుకే పొట్టిగా ఉండాది."

"అంటే చెడిపోయిందా?"

"చెడిపోయేదే మంచిదయింది. పొడుగుకి పోవాల్సిన బలమంతా కంకికి పోతా ఉంది. ఇట్లాంటిది మా సార్ ఎక్కడా చూడలేదంట."

గోపాలప్ప ఆ మాట కంబైనల్లూరు సంతలో కనబడ్డవాళ్లందరికీ చెప్పాడు. జీన్ అనడం రాక "జిన్ను" అనేవాడు. విన్నవాళ్లు నవ్వితే తనూ నవ్వేవాడు.

ఈ ఏడు అగ్గితెగులు వస్తుందని ఊళ్లో భయం పుట్టింది. మోహనప్రియ సెలవు పెట్టి మందు తెచ్చింది. స్ప్రేయర్ వీపుకు తగిలించుకుని, పొట్టి రాగి వేసిన ప్రతి చేలోనూ తనే తిరిగి కొట్టింది. చిక్కమ్మ మజ్జిగ చెంబు పట్టుకుని గట్టు మీద మురిసిపోతూ నిలబడింది.

తెగులు రాలేదు. వానలు మాత్రం విడవకుండా కురిశాయి. రాగి మోకాలు దాటింది, నడుము దాటింది. పాలిపోయిన దంట్లతో సన్నగా సాగింది. వాన ఎక్కువైందన్నారు కొందరు, యూరియా ఎక్కువైందన్నారు కొందరు. చివరికి ఒక గాలివానకు అన్ని చేలూ నేలకొరిగాయి.

ఫోన్ చేయగానే మోహనప్రియ వచ్చింది. దంటు విరిచి చూసింది.

"జీన్ తిరగబడింది పెద్దనాయనా. ఇంక దీన్ని నమ్మేదానికి లేదు. చుట్టుపక్కల రాగికంతా అంటుకుంటుంది. వత్తల్‌మలై కొండ దాకా పోతుంది."

"పోయినేటి గింజలు మంచివే కదా?" అంది చిక్కమ్మ.

"లోపల తిరగబడేది బయటికి కనబడదు పెద్దమ్మా. ఒక్క గింజ మిగిలినా ముప్పే." ఆ పిల్ల కళ్లు తుడుచుకుంది.

తన వల్ల నలుగురి చేలు పాడవకూడదు. గోపాలప్ప గడపగడపకూ పోయి, ఇచ్చిన విత్తనాన్ని తిరిగి అడిగాడు. అంజనప్ప మాత్రం మూటను గుండెకు హత్తుకున్నాడు.

"ఒక్క పడి ఉంచుకుంటా గోపాలా. నా బిడ్డలు కడుపునిండా సంగటి తినింది దీంతోనే."

"ఊరి రాగి నాశనమైతే నువ్వు జవాబు చెప్తావా?"

"ఇది మంచి విత్తనం రా."

"మా పాప కంటే నీకెక్కువ తెలుసునా?"

లాగితే అంజనప్ప వదల్లేదు. చిన్నప్పటి నుంచి ఒక కంచంలో తిన్నవాణ్ణి గోపాలప్ప చెంప మీద కొట్టాడు. అంజనప్ప మూట వదిలేసి, లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

గోపాలప్ప అగ్గిపుల్ల గీశాడు.

మంట ఒక్కసారిగా లేచింది. గింజలు చిటపటమని పేలాయి. రాగులు వేగే కమ్మటి వాసన ఊళ్లోకి పాకింది. అంతా కాలిపోయేదాకా మోహనప్రియ కదల్లేదు. కట్టెతో బూడిద కెలికి, పక్కకు చెదిరిన గింజల్ని నిప్పుల్లోకి తోసింది. తర్వాత ఆయన కాళ్లకు దండం పెట్టింది.

"నీ తప్పేముంది పాపా? నువ్వు చెప్పకుంటే ఊరికంతా ద్రోహం చేసుందును."

ఆమె తల వంచుకుని రోడ్డు మీదున్న కారు దగ్గరికి నడిచింది.

"బిడ్డ పొద్దున్నుంచి ఏమీ తినలేదు, పోయి ఇచ్చి రాపో" అని చిక్కమ్మ ఉడికించిన శనక్కాయలు డబ్బాలో పోసి ఇచ్చింది. గోపాలప్ప గబగబా నడిచాడు. కారు అద్దం దించి ఉంది. మోహనప్రియ అటు తిరిగి ఫోన్‌లో అరవంలో మాట్లాడుతోంది. ఆఫీసు మాటలేమో, మధ్యలో పిలవకూడదని ఆయన డబ్బా పట్టుకుని కారు వెనకే ఆగాడు.

"సార్, నేను కొట్టింది హార్మోనని ఎవరికీ తెలియలేదు, విత్తనం ఇంక మన దగ్గర ఒక్కచోటే ఉంది."