చందా మానడానికి కారణం

"ఏదే? ఎవరికి ఓటెయ్యాలో మీ పేపరు చెప్పేది ఈ ఆదివారమేగా!"

బెర్నిస్ కత్తెర పట్టుకుని పేజీలు తిరగేస్తోంది. నలభై ఏళ్లుగా ప్రతి ఎన్నికకీ ఆ సంపాదకీయం కత్తిరించి, పర్సులో పెట్టుకునే ఆమె పోలింగ్ బూత్‌కి వెళ్లేది.

"ఈసారి రాదమ్మా. ఓనరు ఆపించేశాడు," అంది అదే పత్రికలో పనిచేసే కూతురు నోరా. "ఎవరు గెలిచినా తన ప్రభుత్వ కాంట్రాక్టులు పోకూడదట."

"అంత ఆస్తి ఉంది, కోడిపిల్లకున్నంత గుండె లేదా వాడికి?" బెర్నిస్ పత్రికాఫీసు నంబరు నొక్కి, ఫోను స్పీకరులో పెట్టింది. "చందా మానేస్తున్నా. ఎందుకో కూడా కడిగి చెబుతా."

లైన్లో పాట మోగుతోంది. నోరా సంచిలోంచి అచ్చుకి సిద్ధం చేసిన పేజీ తీసి కాఫీ కప్పు పక్కన పెట్టింది.

"ఆపింది దీన్నే. రాసింది నేనే. ఇది బయటికి పొక్కితే ఉద్యోగం ఊడుతుందన్నారు. నిన్న ఇద్దర్ని పంపించేశారు."

బెర్నిస్ కళ్లజోడు సవరించుకుని చివరి వాక్యం దాకా చదివింది.

"ఎంత బాగా రాశావే!" అంది మెల్లగా.

పాట ఆగింది. నంబరుని బట్టి పేరు చూసుకుని చందాల విభాగం అమ్మాయి పలికింది.

"చెప్పండి మిసెస్ గ్రెబ్నర్. మా నోరా గారి అమ్మగారేనా? చందా ఎందుకు మానేస్తున్నారు? కారణం రాసుకోవాలి, పైవాళ్లు చూస్తారు."

బెర్నిస్ కూతురి మొహంలోకి చూసింది. కత్తెర బల్లమీద పెట్టేసింది.

"చూపు ఆనడం లేదమ్మా," అంది. "ఏమీ చదవలేకపోతున్నాను."