పిట్ట పగ

టోపీ లేకపోతే ఆట లేదు. అది బడి రూలు. మా ఎండ తోలు వలిచేస్తుంది కాబట్టి ఆ రూలు విషయంలో ఎవరికీ మినహాయింపు ఉండదు.

అందుకే బ్రోన్విన్ మధ్యాహ్నం గంట కొట్టగానే రేకుల షెడ్డు కింద బెంచీ మీద కూర్చుంటోంది. తొమ్మిదేళ్ళ పిల్ల. బడి మొత్తానికి తనంత వేగంగా బంతి వేసేవాళ్ళు లేరు. మిగతావాళ్ళు క్రికెట్ ఆడుతుంటే చూస్తూ పళ్ళు కొరుక్కుంటోంది.

టోపీ పోలేదు, చిరగలేదు. కళ్ళెదురుగానే ఉంది. బడి పక్కనే ఉన్న ఊరి మైదానంలో గడ్డి కోసే బండి నడుపుతున్న తండ్రి నెత్తిన ఉంది.

నెవిల్ ఆ మైదానాన్ని చూసుకునే మనిషి. ఆరడుగుల పైనే ఉంటాడు. సెప్టెంబరులో, మా దగ్గర వసంతం మొదలయ్యే రోజుల్లో, ఒక ఉదయం కూతురి పసుపుపచ్చ టోపీ తీసి తన తలకు తగిలించుకున్నాడు. అది కుండ మీద మూకుడులా కూర్చుంది. ఎందుకు తీసుకున్నావని అడిగితే, నాకు బాగుంటుందన్నాడు. నీకు నీలం రంగుది పట్నం నుంచి తెప్పిస్తున్నాను, అందాకా నాది పెట్టుకో అన్నాడు.

ఆయన టోపీ నిండా చెమట, డీజిలు కంపు. పెట్టుకుంటే కళ్ళు మూసుకుపోతాయి. ఒకరోజు పెట్టుకెళ్తే పిల్లలంతా నడిచే బకెట్టు అని ఏడిపించారు. బ్రోన్విన్ దాన్ని చెత్తడబ్బాలో పారేసి వచ్చింది. ఆ రోజు నుంచి తండ్రితో మాటలు బంద్.

అసలే ఊళ్ళో నెవిల్ పేరు చెడి ఉంది. మైదానం చివర యూకలిప్టస్ చెట్టు మీద ఒక మాగ్‌పై కాపురం. నలుపూ తెలుపూ పిట్ట, సూది ముక్కు. వసంతకాలంలో గూడు పెట్టిందంటే, తాను కసి పెంచుకున్నవాళ్ళ నెత్తి మీదికి రాయిలా వచ్చి పడుతుంది. దానికి మేలు గుర్తుంటుందో లేదో గాని కీడు మాత్రం మరవదు. పోయిన ఏడు ఎవరో దాని గూడు కూల్చారు. పిల్లలు చచ్చాయి. ఎవరి పనో తేలలేదు.

ఈ ఏడు పిట్టే తేల్చింది. పొద్దున లేస్తే నెవిల్ వెంట పడుతోంది. ఇంకెవరి జోలికీ పోవడం లేదు. చెవి తెగింది, మెడ మీద గాట్లు పడ్డాయి. సాక్ష్యం ఇంతకంటే ఏం కావాలి?

మద్యం దుకాణంలో ఆయన పక్కన కూర్చోవడం మానేశారు. పోస్టాఫీసు ఇర్మా అయితే మొహం మీదే అనేసింది.

"పసికూనల్ని చంపిన చేతులయ్యా అవి. ఆ చేతులతో నాకు స్టాంపు డబ్బులివ్వకు, అక్కడ పెట్టు."

నెవిల్ డబ్బులు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. టోపీ వెనకాల రెండు కళ్ళు గీసుకుంటే పిట్ట వెనక నుంచి రాదు. అది మా ఊళ్ళో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. ఆయన అదీ గీసుకోలేదు. పొగరు అన్నారు జనం.

బడిలో బ్రోన్విన్‌ని హంతకుడి కూతురు అన్నారు. ఆ పిల్ల బూటు కాలితో మట్టిని తన్నుతూ నిలబడింది.

శనివారం ఊరి మైదానంలోనే పక్క ఊరితో మ్యాచ్. టోపీ ఉంటేనే బంతి చేతికిస్తానని టీచరు మిస్ పాగెట్ తేల్చి చెప్పేసింది. ఏడాదంతా ఎదురుచూసిన ఆట. ఆ పొద్దున తండ్రి బండి దగ్గర టీ తాగుతుంటే, సీటు మీదున్న పసుపు టోపీని బ్రోన్విన్ చొక్కాలో దాచుకుని పోయింది.

ఆట మొదలైంది. తొలి ఓవర్లోనే వికెట్ తీసింది. జనం చప్పట్లు కొట్టారు. ఓవర్ అయ్యాక కెప్టెన్ ఆ పిల్లను చెట్టు వైపు నిలబెట్టింది.

గడ్డి బండి పెట్టే షెడ్డు దగ్గర నుంచి నెవిల్ పరిగెత్తుకొచ్చాడు. పిచ్ మీదుగా, అంపైర్ని తోసుకుంటూ వచ్చి, అందరి ముందూ కూతురి తల మీది టోపీ లాగేసి తన నెత్తిన పెట్టుకున్నాడు.

మైదానమంతా గోల లేచింది. పిల్లదాని టోపీ లాక్కోవడానికి సిగ్గులేదా అని ఒకరు, వీణ్ణి ఊళ్ళోంచి తరమాలని ఒకరు. ఎవరో ఖాళీ సీసా విసిరారు.

బ్రోన్విన్ అరిచింది. "నువ్వంటే నాకు అసహ్యం. నువ్వు నా నాన్నవే కాదు. పో ఇక్కణ్ణించి."

అప్పుడే కొమ్మల్లోంచి పిట్ట దూకింది. నెవిల్ కనుబొమ్మ చీరింది. రక్తం చెంప మీదికి కారింది. సరిగ్గా అయిందన్నారు జనం. కొందరు చప్పట్లు కొట్టారు. బ్రోన్విన్ కూడా కొట్టింది. కచ్చితంగా కొట్టింది, ఊరంతా చూసింది.

నెవిల్ చొక్కాలోంచి, ఆ పొద్దునే పట్నం నుంచి వచ్చిన కొత్త నీలం టోపీ తీసి కూతురి తలకు పెట్టాడు. పిట్ట మళ్ళీ చుట్టు తిరిగి వస్తోంది. ఆయన కదల్లేదు. మోకాళ్ళ మీద కూర్చుని, ఇంకెవరికీ వినబడకుండా ఆ పిల్ల చెవిలో అన్నాడు.

"నువ్వు గూడు పడగొట్టిన రోజు పైనుంచి దానికి కనబడింది నీ మొహం కాదు తల్లీ, ఈ టోపీయే."